ఆగి ఆగి నేసిన బట్ట

కనకవ్వ నీళ్లున్న ఇంట్లో దాహంతో చచ్చింది. ఆమెను చంపింది సాలెవాడ, ఆ నేతగాళ్ల వీధి. ఈ విషయంలో ఆమె భర్త సిద్దిరాములుకు అనుమానమేమీ లేదు. దవాఖానా చీటీలో మూత్రపిండాలని ఏదో రాశారు. ఆ చీటీని అతను పొయ్యిలో పెట్టాడు. నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి. చీటీ చదవడం వచ్చు, అబద్ధాన్ని గుర్తుపట్టడమూ వచ్చు.

ఆమె పోయిన ఆరేళ్లకు, మార్గశిరంలో ఒక పొద్దున, అతను మగ్గం గుంటలో కాళ్లు దించుకొని నేస్తున్నాడు. కోడలు అనసూర్య గోడ పక్కన పీట మీద కూర్చొని రాట్నంతో కండెలు చుడుతోంది. పోగుల మధ్య అటూ ఇటూ దూకే నాడెలో నూలు అయిపోయినప్పుడల్లా అతను చేయి చాపుతాడు, ఆమె కొత్త కండె ఆ చేతిలో పెడుతుంది. ఇద్దరికీ మాటల అవసరం లేదు. కొడుకు లింగమూర్తి భీవండి మిల్లుకు పోయి మూడు నెలలు. కోడలికి అయిదో నెల.

పొయ్యి మీద పోపులో ఎండుమిరపకాయ మాడింది. ఘాటు ఇల్లంతా కమ్మింది. అనసూర్య వరసగా మూడు తుమ్ములు తుమ్మింది. మూడో తుమ్ముకు రాట్నం ఆగిపోయింది.

కోడలి వైపు నేరుగా చూడటం మామకు పద్ధతి కాదు. సిద్దిరాములు పోగుల వైపే చూశాడు. అయినా తెలిసింది. ఆమె కదలకుండా కూర్చుంది. కాసేపయ్యాక పీటను జానెడు పక్కకు జరిపి, పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి నేల మీద చల్లి, కాలితో రాసింది. చేతులు కడుక్కుంది. చెంబు నోటి దాకా ఎత్తి, తాగకుండా దించేసింది.

"నీళ్లు తాగు," అన్నాడు సిద్దిరాములు.

"దూప లేదు మామా."

ఆ మాట అతను ఇంతకు ముందు విన్నాడు. ఇదే ఇంట్లో, ఇదే రాట్నం పక్కన.

మరునాడు హనుమండ్లు ఇంటి పడుగు సరి. సరి అంటే వాడకట్టుకంతా పని. నిలువు పోగులన్నిటినీ వీధి పొడుగునా వెదురు బద్దల మీద సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యేది కాదు. ఇంటికి ఇద్దరు చొప్పున వస్తారు. తలస్నానం చేయకుండా గంజి ముట్టరు. ఎవరు ముట్టవచ్చో, ఎవరు ముట్టరాదో చెప్పే పెద్దరికం సిద్దిరాములు వదినె శంకరవ్వది. చచ్చిపోయిన అన్న భార్య. అరవై దగ్గర పడుతున్నా కుంచె పట్టిందంటే వయసువాళ్లు వెనకబడాల్సిందే.

"ఆగు బిడ్డా," అంది శంకరవ్వ. అనసూర్య గంజి కుండ వైపు వంగబోయి ఆగింది. "నువ్వు ఇంటికి పో."

"తానం చేసిన అత్తా."

"చేస్తివి. ఇంట్లకెల్లి ఇక్కడిదాక నడిసే వరకు మళ్ల తడిస్తివి. నాకు కండ్లు లేవా? గంజి ముట్టకు. పడుగు మైలైతది."

"పోనియ్యి శంకరవ్వా, గంజిల నీళ్లు తక్కువైతె పనికొస్తది," అంది అవతల పోగులు సర్దుతున్న యాదవ్వ. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు.

అనసూర్య చేయి వెనక్కి పోయి చీర కుచ్చెళ్లను పట్టుకుంది. శంకరవ్వ నవ్వలేదు. గొంతు తగ్గించి, తనకు తోచిన మేలు చెప్పింది.

"నీళ్లు తక్కువ తాగు బిడ్డా. ఎక్కువ తాగితె కడుపుల పిండం ఉబ్బి కిందికి కారుతది. మా కాలంల పొద్దుకొక్క చెంబు తాగితె గదే ఎక్కువ."

పడుగు అవతలి కొసన ఉన్న సిద్దిరాములు కుంచె కింద పెట్టాడు.

"వదినె. కనకవ్వకు గిదే చెప్పినవు. సంపినవు. ఇప్పుడు దీన్ని సంపుతవా?"

శంకరవ్వ చేతికంటిన గంజిని పడుగుకే రాసింది, వృథా పోకుండా.

"కనకవ్వను పడుగు కాడికి రావద్దన్న. నిజమే, అన్న. రాత్రిపూట నీళ్లే తాగొద్దని ఎవలన్నరు మరిదీ? మీ ఇంట్ల, మీ సాప మీద, ఎవలన్నరు? నా దగ్గరికొచ్చి ఏడిసింది కాబట్టి నాకెరుక. చెప్పు, ఎవలన్నరు?"

సిద్దిరాములు కుంచె తీసుకున్నాడు. ఆరుతున్న పడుగును విడిచిపోతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. చివరిదాకా దువ్వాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

చాప తడిసినప్పుడు ఏ మగవాడైనా అనే మాటే అతను అన్నాడు. పొద్దుగూకినంక నీళ్లు తాగకు. ఒక్కసారే అన్నాడు. కనకవ్వకు ఒక్కసారి చాలింది.

మంగళవారం నర్సుబాయి వచ్చింది. ధర్మపురిలోని కాన్పుల కేంద్రం నుంచి పదిహేను రోజులకొకసారి, సగం దూరం బస్సులో, సగం దూరం నడిచి వచ్చే మనిషి. పేరు సక్కుబాయి. భైంసా వైపు మనిషి కావడంతో మాటలో మరాఠీ దొర్లుతుంది. నల్ల సంచీ, నల్ల గొడుగు. ఎక్కడైనా వెలుతురున్న చోటే కూర్చుంటుంది. అందుకని గడపలోనే కూర్చుంది.

"దాదా, జర మగ్గం ఆపు. నాకేం వినపడ్తలేదు."

సిద్దిరాములు ఆపాడు. గుంటలోంచి లేచి బయటికి పోవాలంటే ఆ ఇద్దరు ఆడవాళ్లను దాటి గడపలోంచే పోవాలి. దాటలేక అక్కడే కూర్చొని, తెగని పోగులను కూడా వెతికి సరిచేయడం మొదలుపెట్టాడు.

సక్కుబాయి కడుపు చూసింది, కాళ్ల వాపు చూసింది. "నీళ్లు ఎన్ని తాగుతున్నవ్?" అని అడిగింది. అనసూర్య చెంబు వైపు చూసింది. సక్కుబాయి ఆమె పెదవుల వైపు చూసి, నాలుక చాపమంది. తర్వాత గొంతు ఏమీ తగ్గించకుండా అడిగింది.

"దగ్గితె, తుమ్మితె కారుతుందా?"

"బాయీ, మామ ఉన్నడు."

"ఉండనీ. ఆయన పోగులు చూసుకుంటుండు. నేను ఉట్టి సంగతి చెప్త, విను. ఉట్టి ఎరికేనా?"

"ఎరికే."

"ఉట్టిల కుండ బరువైతె తాళ్లు ఏమైతయి?"

"సాగుతయి."

"బస్. మన కింద గూడ గట్లాంటి ఉట్టి ఉంటది. కండతోటి చేసింది. మూత్రం దారి, బిడ్డ దారి, దొడ్డి దారి, మూడింటిని గదే పట్టుకొని ఉంటది. బిడ్డ బరువుకు అది సాగింది. నువ్వు తుమ్మినవు, అది ఆపలేకపోయింది. రోగం కాదు, పాపం కాదు. బలం తగ్గింది, గంతే. చేతికి బలం కావాల్నంటె ఏం చేస్తవ్?"

"పని చేస్త."

"దీనికీ పని చెప్పాలె. నలుగురిల కూసున్నప్పుడు గాలి వస్తె ఏం చేస్తవ్? గుంజి పడ్తవు గద, లోపటికి, మీదికి? గట్ల గుంజు. ఇప్పుడు గుంజు."

అనసూర్య గుంజింది.

"అరె దేవా. కడుపు గుంజినవు. భుజాలు చెవులకు తగిలినయి. ఊపిరి ఆపినవు. అది కాదు. కడుపు, తొడలు, పిర్రలు, అన్నీ వదులు. ఊపిరి తీసుకుంటనే ఉండు. లోపట ఒక్కటే గుంజు. ఆఁ. ఇప్పుడు పట్టుకో, అయిదు లెక్కపెట్టు. విడువు, మళ్ల అయిదు లెక్కపెట్టు. ఒక్క పూటకు పది సార్లు, దినానికి మూడు పూటలు. అలవాటైనంక అయిదు కాదు, పది. తుమ్ము వస్తుందంటె దానికంటె ముందుగాల గుంజుకో."

"ఎన్ని దినాలు బాయీ?"

"ఎన్ని దినాలేంది, గోళీనా ఇది మింగితె అయిపోను? కనే దాక. కన్నంక మళ్ల. రెండు నెలలైనంక నువ్వే చెప్తవ్ నాకు. ఇంకో మాట. మూత్రం వచ్చినప్పుడు ఆపొద్దు, పోయి రావాలె. ఆపితె మంట పుడ్తది. ఈ గుంజుడు పని పోయొచ్చి వట్టిగున్నప్పుడే చెయ్యాలె. నీళ్లు పెద్ద చెంబుతోటి ఆరు చెంబులు. సమజైందా? దీనికి పైసలు లేవు, మందు లేదు. మా శిక్షణల డాక్టర్ బాయి నేర్పింది. ఏ ఊరికి పోయినా ఇదే చెప్త, ఎవలూ చెయ్యరు. సిగ్గు."

సిద్దిరాములు చేతిలో పోగు తెగింది. ముడి వేశాడు. మళ్లీ తెగింది. కనకవ్వకు ఎవరూ చెప్పని సంగతి ఇంత చిన్నది. పావుగంట కూడా పట్టలేదు.

అనసూర్య సగమే విన్నది. మిగతా సగం మామ ఉన్నాడన్న సిగ్గులో కొట్టుకుపోయింది. గుంజి పట్టాలని విన్నది కాబట్టి పట్టింది. తెల్లవారుజామున వాడకట్టు ఆడవాళ్లతో చేనువైపు పోయి వచ్చాక, మళ్లీ చీకటిపడే దాకా పోకుండా పట్టింది. బాయి చెప్పిందని ఆరు చెంబులూ తాగింది. మూడో రోజుకు ముఖం నల్లబడింది. రాట్నం తిప్పుతూ తిప్పుతూ ముందుకు వంగిపోయేది. పెదవి కొరుక్కునేది. బలం వస్తోందనుకుంది.

సిద్దిరాములు గుంటలోంచి అంతా కనిపెట్టాడు. తప్పు ఎక్కడుందో అతనికి స్పష్టంగా తెలుసు. ఆపొద్దు, పోయి రావాలె. ఆ మాట తన చెవులతో విన్నాడు. దాన్ని కోడలికి చెప్పే నోరు ఆ వాడలో ఏ మామకూ లేదు.

"బాయి చెప్పిన దాంట్ల..." అన్నాడు నాలుగో రోజు.

ఆమె కొంగు లాక్కుంది. "ఏం మామా?"

"ఏం లేదు. కండె ఇయ్యి."

ఆమె కండె ఇవ్వడానికి వంగి, నడుము పట్టుకొని అలాగే ఉండిపోయింది. కండె కింద పడి దొర్లింది.

అతను మగ్గం దిగి, కండువా భుజాన వేసుకొని బయటికి నడిచాడు. ధర్మపురి మూడు కోసులు. ఎక్కడా ఆగలేదు.

కాన్పుల కేంద్రం వరండాలో పదిమంది దాకా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మగవాడు అతనొక్కడే. సక్కుబాయి లోపల స్టవ్వు మీద సూదులు ఉడకబెడుతోంది.

"ఏమైంది దాదా? నొప్పులా?"

"కాదు. కోడలు తప్పు చేస్తుంది."

"ఏం తప్పు?"

"నువ్వు చెప్పిన దాంట్ల."

"నేను చానా చెప్పిన. ఏది?"

సిద్దిరాములు గోడకు వేసిన పసిపిల్ల బొమ్మ వైపు చూశాడు. "ఆపొద్దన్నది ఆపుతుంది."

వరండాలో ఎవరో నవ్వారు. "ఏందంటడు ముసలాయన?" "కోడలు మూత్రం లెక్కపెడుతుండట!" సక్కుబాయి వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. నవ్వు ఆగింది.

"నీకెట్ల ఎరుక?"

"గుంటల ఉంటి గద. మగ్గం ఆపుమన్నది నువ్వే."

"అయితె అంత విన్నవు. యాదికున్నదా? చెప్పు, ఏమేం చెప్పిన?"

అతను చెప్పాడు. బొమ్మ మీది చూపు తిప్పకుండా, చిన్నప్పుడు పంతులు ముందు ఎక్కాలు అప్పజెప్పినట్టు, ఉట్టితో మొదలుపెట్టి ఆరు చెంబుల దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. కడుపు గుంజొద్దు. ఊపిరి ఆపొద్దు. లోపటికి, మీదికి. అయిదు పట్టు, అయిదు విడువు. చెవులు ఎర్రబడ్డాయి. వరండాలో ఎవరూ నవ్వలేదు. ఒకామె చంకలో పిల్లను అటు నుంచి ఇటు మార్చుకొని ముందుకు జరిగింది, బాగా వినపడాలని.

"మా శిక్షణ పిల్లలు గూడ ఇంత మంచిగ చెప్పరు," అంది సక్కుబాయి. సూదుల గిన్నె దించి సంచీ సర్దుకుంది. "పద, వస్తున్న. ఆలస్యమైతె జ్వరం వస్తది."

దారిలో ఆమె మరొక మాట అన్నది. "దాదా, ఆమెకు లెక్క కుదురుతలేదు. పైకి లెక్కపెట్టాల్నంటె నువ్వు ఉంటవ్, సిగ్గు. మనసుల లెక్కపెడితె ఊపిరి ఆగుతది. పక్కన ఎవలన్న లెక్కపెట్టాలె. అత్త ఉంటె ఆమె లెక్కపెట్టొచ్చు."

"అత్త లేదు," అన్నాడు సిద్దిరాములు.



సక్కుబాయి ఈసారి అనసూర్యను యాదవ్వ ఇంట్లోకి తీసుకుపోయి తలుపు వేసింది. బయటికొచ్చి, "సరిగ చేస్తది," అని ఒక్క మాట చెప్పి చివరి బస్సుకు పోయింది.

అతను ఆ సాయంత్రం అటక మీద చేయి పెట్టి వెతికాడు. కనకవ్వ ఇత్తడి చెంబు ఆరేళ్లుగా అక్కడే బోర్లించి ఉంది. చిలుము పట్టింది. చింతపండుతో తోమాడు. మొగవాడి తోముడు కాబట్టి అంచు దగ్గర కొంచెం నలుపు మిగిలింది. నీళ్లు నింపి రాట్నం పక్కన పెట్టాడు.

తెల్లారి మగ్గమెక్కాడు. నాడె కొట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆగాడు. మనసులో అయిదు లెక్కపెట్టాడు. మళ్లీ అయిదు దెబ్బలు. ఆగాడు.

"పోగు తెగిందా మామా?"

"లేదు."

అయిదు దెబ్బలు. ఆగాడు. ముప్పై ఏళ్లుగా ఆగకుండా నేసిన కాళ్లు. ఆపిన ప్రతిసారీ అవి తమంతట తామే తొక్కుడు చెక్కల మీద కదలబోయేవి. పళ్లు బిగించి ఆపాడు. పది సార్లు అయ్యాక మామూలుగా నేశాడు. మధ్యాహ్నం మళ్లీ పది సార్లు. పొద్దుగూకే ముందు మళ్లీ పది సార్లు.

మొదటి రోజు అనసూర్య మగ్గం పాడైందనుకుంది. రెండో రోజు మామకు కాలు నొప్పి అనుకుంది. మూడో రోజు పొద్దున, అయిదు దెబ్బలు పడుతుండగా, రాట్నం చప్పుడు మెల్లగా అయింది. ఆగినప్పుడు వేగం పుంజుకుంది. మళ్లీ దెబ్బలు, మళ్లీ మెల్లగా. సిద్దిరాములు తల ఎత్తలేదు. కండె అయిపోయింది. చేయి చాపాడు. ఆమె కండె పెట్టింది.

పదిహేను రోజులకు అయిదును ఏడు చేశాడు. ఒక రోజు ఏడో దెబ్బకు రాట్నం ముందే వేగమెత్తింది. ఆమెకు ఇంకా పట్టు చాలలేదన్నమాట. మళ్లీ ఆరుకు దిగాడు. పుష్యం సగానికి పదికి వచ్చాడు. రాట్నం పది దెబ్బలూ నిలకడగా తిరిగింది. ఆ రోజు అతను రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

చెంబు రోజుకు ఆరుసార్లు నిండేది, ఆరుసార్లు ఖాళీ అయ్యేది. నింపేది అతనే.

మాఘంలో సిద్దిరాములు ఇంటి పడుగు సరికి వచ్చింది.

తెల్లవారేసరికి వీధి పొడుగునా తెల్లటి పోగులు సాగి ఉన్నాయి. గంజి కుండల్లోంచి ఆవిరి లేస్తోంది. ఎవరి పడుగైనా పెద్దరికం శంకరవ్వదే. కుంచె తడిపి చూసుకుంటూ నిలబడింది. అనసూర్య తలంటుకుని, తడి జుట్టు ముడివేసుకుని వచ్చింది. ఏడో నెల నిండింది, కడుపు ముందుకు వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు.

వీధి మధ్యలో నిలబడి చెంబు ఎత్తింది. గటగటా తాగింది. చుక్క మిగలకుండా తాగి, చెంబును బోర్లించి గోడ పక్కన పెట్టింది. ఆ చెంబు ఎవరిదో శంకరవ్వకు తెలుసు. అంచు దగ్గరి నలుపును చాలాసేపు చూసింది.

"అత్తా, కుంచె ఇయ్యి."

"నీళ్లు గన్ని తాగి..."

"నా ఇంటి పడుగు అత్తా. ఇయ్యి."

శంకరవ్వ సిద్దిరాములు వైపు చూసింది. అతను అవతలి కొసన పోగులు సర్దుతున్నాడు, ఏమీ విననట్టు. ఆమె కుంచె ఇచ్చింది.

అనసూర్య ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుతూ నడిచింది. తిరిగి వచ్చింది. మళ్లీ నడిచింది. ప్రతి బద్ద దగ్గరా వంగాలి, కుంచెను ఒత్తి లాగాలి, నడుము ఎత్తాలి. ఆడవాళ్ల చూపులన్నీ ఆమె పాదాల దగ్గరే ఉన్నాయి. మట్టి పొడిగానే ఉంది. నాలుగో తిరుగుడులో, పక్క సందులో ఎవరో మిరపకాయలు దంచడం మొదలుపెట్టారు. ఘాటు వీధిలోకి వచ్చింది. యాదవ్వ తుమ్మింది. హనుమండ్లు తుమ్మాడు. అనసూర్య ముక్కు ఎగబీల్చి, ఒక్క క్షణం ఆగింది.

సిద్దిరాములు చేతిలోని పోగులు వదిలేశాడు.

ఆమె తుమ్మింది. ఒకటి. రెండు. మూడు. మూడోది వీధి చివరిదాకా వినపడింది. కడుపు కదిలింది, ముడి ఊడి జుట్టు భుజం మీద పడింది. ఆమె కాళ్ల కింద మట్టి మాత్రం ఎట్లున్నది అట్లనే ఉన్నది.

ముందుగా నవ్వింది అనసూర్యే. పెద్దగా, నోరు తెరిచి, నవ్వుతున్నంతసేపూ రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి నవ్వింది. అయిదో నెల పడ్డప్పటి నుంచి ఆమె అలా నవ్వింది లేదు.

"నిలబడి చూస్తరేంది?" అంది. "గంజి ఆరుతుంది. జర ఇటు ఇయ్యిరి!"

గంజి కుండను ఆమె దగ్గరికి జరిపింది శంకరవ్వే.

ఆ పడుగు ఎండెక్కకముందే ఆరింది. వాడలో ఆ ఏడు అంత శుభ్రంగా దువ్విన పడుగు మరొకటి లేదు. ఆ మాట హనుమండ్లే అన్నాడు.

రెండు రోజుల తర్వాత యాదవ్వ తన రాట్నం చంకన పెట్టుకొని వచ్చింది. "మా ఇంట్ల చీకటి, కండ్లు కనపడ్తలెవ్వు," అని అనసూర్య పక్కన కూర్చుంది. నాలుగు కాన్పులైన మనిషి. సిద్దిరాములు పది కొట్టి ఆగాడు. యాదవ్వ రాట్నం ముందు తడబడింది. అనసూర్య ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వారు. తర్వాత రెండు రాట్నాలూ ఒక్కలాగే మెల్లబడ్డాయి. వారం తిరిగేసరికి వచ్చేవాళ్లు అయిదుగురయ్యారు.

చివరగా శంకరవ్వ వచ్చింది.

"నా రాట్నం ఇరుసు ఇరిగింది. మీ ఇంట్ల చుట్టుకుంట," అంది. ఆమె చంకలో ఉన్నది ఆమె రాట్నమే. ఇరుసు నిక్షేపంగా ఉంది. గోడకు ఆనుకొని, మగ్గానికి వీపు పెట్టి కూర్చుంది.

సిద్దిరాములు వెంటనే మొదలుపెట్టలేదు. పొద్దుకొక్క చెంబు. మా కాలంల గదే ఎక్కువ. ఆ మాటకు అర్థం అతనికి అప్పుడు తెలిసింది. ఆమె ముప్పై ఏళ్లుగా దూపతో బతుకుతోంది. ఇంకొకరి తడిని ఆ కళ్లు అంత దూరం నుంచి ఎట్లా పసిగట్టాయో కూడా తెలిసింది. అనసూర్య లేచి ఇత్తడి చెంబు నింపి ఆమె పక్కన పెట్టింది. శంకరవ్వ కాసేపు దాన్ని ముట్టలేదు. తర్వాత రెండు చేతులతో ఎత్తి తాగింది.

అతను ఆమెను క్షమించలేదు. తనను తాను కూడా క్షమించుకోలేదు. కానీ ఆమె కొత్త మనిషి కాబట్టి పది మానేసి అయిదు కొట్టాడు. అయిదు దెబ్బలు, ఆగుడు. మిగతావాళ్లు సర్దుకున్నారు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

ఫాల్గుణం మొదట్లో నేత సంఘం నుంచి అంబదాస్ బట్ట తీసుకుపోవడానికి వచ్చాడు. గడప బయట అనసూర్య పుట్టింటి బండి ఆగి ఉంది. ఆమె అన్న ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. మొదటి కాన్పు తల్లిగారింట్లో. మూట కట్టుకోవడం అయింది. గోడ పక్కన ఆరు రాట్నాలు తిరుగుతున్నాయి.

అంబదాస్ బట్ట మడత విప్పి వెలుతురుకు పట్టాడు. పట్టి, కళ్లు చికిలించాడు.

"ఇదేంది సిద్దిరాములూ? పది పోగులకొక గీత. ఆడికాడికి ఆగి ఆగి నేసినట్టున్నది."

సిద్దిరాములు కొత్త కండెను నాడెలో పెట్టుకున్నాడు.

"చెయ్యి వణుకుతుందా?"

"లేదు."

"మగ్గం పాడైందా?"

"లేదు."

"మరి? నీ చేతి బట్టల ముప్పై ఏండ్ల సంది ఒక్క గీత చూడలే. ఇది మొదటి రకంల పోదు, చెప్తున్న."

"పోకపోతె పోనియ్యి."

గోడ పక్కన ఆరు రాట్నాలూ ఆగిపోయాయి. యాదవ్వ తల దించుకుంది. శంకరవ్వ చెంబు అంచును చూస్తోంది. అనసూర్య వచ్చి అంబదాస్ చేతిలోంచి బట్ట కొసను పట్టుకుంది.

"ఈ బట్ట నాకియ్యి మామా. పొత్తిళ్లకు తీస్కపోత."

"తీస్కపో," అన్నాడు సిద్దిరాములు.

ఆమె బట్టను మడతపెట్టి మూటలో అన్నిటికంటే పైన పెట్టింది. వంగి మామ కాళ్లకు మొక్కబోతే అవి గుంటలో ఉన్నాయి. నవ్వి, మగ్గం కొయ్యకు మొక్కింది. ఎవరి చేయీ పట్టుకోకుండా బండి ఎక్కింది. బండి వీధి మలుపు దగ్గర గుంటలో పడి లేచింది. ఆమె కేక, ఆ వెంటనే నవ్వు, ఇంట్లోకి వినపడ్డాయి.

అంబదాస్ ఇంకా నిలబడే ఉన్నాడు. గొంతు తగ్గించాడు. "నాకన్న చెప్పు. సంఘంల ఎవ్వలకు చెప్ప."

"అది నా మగ్గం సంగతి. మళ్ల అడుగకు."

అంబదాస్ మళ్లీ అడగలేదు. లింగమూర్తి పండుగకు వచ్చి అడిగాడు, అతనికీ చెప్పలేదు. ఇక మీద ఎవరు అడిగినా చెప్పడు.

ఆ రోజు బండి చప్పుడు దూరమయ్యాక సిద్దిరాములు నాడె కొట్టాడు. పది. ఆగాడు.